పదహారో చెయ్యి

పోయిన వారం కత్తెరమ్మను గుండీల సందులో, తల వంచితే గాని లోపలికి పోలేని ఒక గుమ్మం ముందు వదిలి వచ్చాం. ఆవిడ అక్కడికి ఎందుకు వెళ్ళిందో గుర్తులేని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం.

ఊళ్ళో యజమాని అంటూ లేకుండా పనివాళ్ళే నడుపుకునే సంఘాలు తొమ్మిది ఉన్నాయి. రొట్టెల బట్టీ వాళ్ళది ఒకటి, సైకిళ్ళు బాగుచేసే వాళ్ళది ఒకటి, పాత కుట్టు ఫ్యాక్టరీ మూతపడితే ఏడ్చి ఇంటికి పోకుండా ఒక మేడ మీది గది అద్దెకు తీసుకుని మిషన్లు మళ్ళీ తిప్పిన ఆడవాళ్ళది ఒకటి, ఇలా. పోయినేడు ఇస్త్రీ సంఘం బాయిలరు పాడై తలుపులు మూసుకుంటుంటే మిగతా సంఘాలు వీధి దాకా వచ్చి అయ్యో అన్నాయే గాని సాయం పట్టింది లేదు. ఎవరి గోల వాళ్ళది. ఆ సిగ్గులోంచి పుట్టిందే అన్ని సంఘాలూ కలిసి ఒక సమాఖ్య కావాలన్న ఆలోచన. పది సంఘాలుంటేనే నమోదు చేస్తామని ఆఫీసులో చెప్పారు. ఆ పదోది, ఈ తొమ్మిదితో కలవకుండా విడిగా ఉన్న గుండీలవాళ్ళది. ఇళ్ళ దగ్గరే కూర్చుని కోట్లకు, చొక్కాలకు గుండీలు కుట్టే ముప్పై మంది ఆడవాళ్ళు. పదకొండేళ్ళ కిందట కుట్టు సంఘం తమను చేర్చుకోనంటే, కొన్నాళ్ళకు తమ సంఘం తామే పెట్టుకున్నారు. వాళ్ళు వస్తే పది. రాకపోతే తొమ్మిది. తొమ్మిదంటే ఆఫీసు లెక్కలో సున్నా.

వాళ్ళ పెద్ద గుండీల పాప. నలభై దాటినా ఆ సందులో ఆవిడ ఇంకా పాపే. కత్తెరమ్మకు మంచినీళ్ళిచ్చింది, పీట వేసింది, ఒక్కటే ప్రశ్న అడిగింది.

"ఆ రోజు చేతులు ఎన్ని లేచాయమ్మా?"

"పదహారు" అంది కత్తెరమ్మ. "మిమ్మల్ని చేర్చుకోవాలని ఎనిమిది, వద్దని ఎనిమిది. సరిసమానమైతే ఉన్నది ఉన్నట్టే ఉండాలని మా నియమం."

"పదహారేనా?"

"పదహారే."

గుండీల పాప నవ్వింది. "సరే. రేపు పది గంటలకు మీ సభకొచ్చి మా మాట చెబుతాం" అంది. మంచం మీదున్న ఆవిడ తల్లి, చూపు పోయిన గుండీలవ్వ, కత్తెరమ్మ లేచేటప్పుడు చెయ్యి దొరకబుచ్చుకుని వేళ్ళన్నీ తడిమింది. "కత్తెర పట్టే చెయ్యి" అని వదిలేసింది.

అది పొద్దున జరిగింది. రేపటి పది గంటలకు మధ్య ఇంకా ఒక మధ్యాహ్నం మిగిలి ఉంది.

శనివారం కుట్టు సంఘంలో ఒంటిపూట పని. పన్నెండయ్యేసరికి మిషన్లన్నీ ఆగిపోయాయి. ఆడవాళ్ళు ఒళ్ళో పడ్డ దారప్పోగులు దులుపుకుని, చెప్పులు వెతుక్కుని, ఒకరి మీద ఒకరు పడుతూ మెట్లు దిగిపోయారు. గదిలో ఇద్దరే మిగిలారు, కత్తెరమ్మ, ఆవిడ తోడికోడలు. చొక్కాలకు కాజాలు తీసే మిషను మీద కూర్చుంటుంది గనుక తోడికోడల్ని గది మొత్తం కాజాల చెల్లి అంటుంది. అన్నదమ్ముల్ని చేసుకుని, ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర పదిహేడేళ్ళు వేగిన వాళ్ళు. తోడికోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అంటుంది లోకం. వీళ్ళిద్దరి విషయంలో చూసి చూసి లోకమే విసుగెత్తి ఊరుకుంది.

సోమవారం పొద్దునకల్లా ఆసుపత్రి నర్సుల కోట్లు నలభైకి బట్ట కోసి ఉంచాలి. కోయడం ఒక్కరి పనే గాని పరవడానికి ఇద్దరు కావాలి. పొడవాటి బల్లకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. థానులోంచి బట్ట లాగి, చెరో కొస పట్టుకుని, గాలిలో ఒకసారి ఊపి బల్ల మీదికి దించాలి. అరచేత్తో మడతలు తోలుకుంటూ మధ్య దాకా రావాలి. నలభై పొరలు పడితే ఒక పరత. పొరకూ పొరకూ మధ్య ఇద్దరూ బల్ల నడుమ కలుసుకుంటారు, మళ్ళీ విడిపోతారు. ఈ పని ఎంతమందితో చేసినా కాజాల చెల్లితో చేసినట్టు ఉండదు కత్తెరమ్మకు. దానికి మాట చెప్పక్కర్లేదు. ఈ చివర వేలు కదిలితే ఆ చివర అర్థమైపోతుంది.

పన్నెండో పొర దించుతుండగా మెట్ల మీద దగ్గు వినపడింది. బట్టీ బాబాయి. రొట్టెల సంఘం పెద్దాయన. సమాఖ్య అనే మాటను ఊరంతా మోసుకు తిరుగుతున్నది ఆయనే. కనుబొమ్మల మీద పిండి అలాగే ఉంది.

"ఏమ్మా కత్తెరా, పొద్దున ఆ సందుకు పోయొచ్చావటగా. ఏమన్నారు?"

"రేపు చెబుతామన్నారు బాబాయ్."

"నవ్వుతూ అన్నారా, మొహం ముడుచుకుని అన్నారా?"

"నవ్వుతూనే."

"అయితే భయపడాల్సిందే" అన్నాడు ఆయన స్టూలు లాక్కుని. "మొహం ముడుచుకున్న వాళ్ళతో మాట్లాడి ఒప్పించొచ్చు. నవ్విన వాళ్ళు ముందే ఏదో అనుకుని ఉంటారు."

"మైదా పిసికినట్టు మనుషుల్ని పిసక్కు బాబాయ్" అంది కాజాల చెల్లి ఆ చివర నుంచి.

"పిసక్కపోతే పొంగదమ్మా." ఆయన కత్తెరమ్మ వైపు తిరిగాడు. "రేపు మొదట లేచేది నువ్వే. సమాఖ్య మొదటి నియమం నీ నోటంటే రావాలి. తొమ్మిది సంఘాలూ అదే మాట అన్నాయి. అధ్యక్షురాలివి కూడా నువ్వే, అది వేరే చెప్పక్కర్లేదు."

"నీ నోటికేమైంది?"

"నా నోట్లో ఎప్పుడూ రొట్టె ఉంటుంది. ఆ నియమం పుట్టించింది నువ్వు. నువ్వు చెబితేనే నిలబడుతుంది."

కత్తెరమ్మ పొర సర్దుతూ ఉండిపోయింది. బాబాయి లేచి మోకాళ్ళు పట్టుకుని, "ఒక్క రొట్టె కోసం ఎవడూ బట్టీ వెలిగించడు తల్లీ. ఇన్నాళ్ళూ మనం తొమ్మిది బట్టీలు తొమ్మిది రొట్టెలకు వెలిగించుకుంటూ వచ్చాం. రేపటితో ఆ తెలివితక్కువతనం తీరాలి" అని, దగ్గుకుంటూ మెట్లు దిగాడు.

ఆయన చెప్పిన నియమం ఇదీ. పాత ఫ్యాక్టరీ రోజుల్లో ఒక సూపర్‌వైజరు ఉండేవాడు. పని గంటలు పెరిగినా, సెలవులు తగ్గినా, పై నుంచి కాగితం తెచ్చి గోడకు అంటించి, "మీ అందరి తరఫునా నేను ఒప్పుకున్నాను" అనేవాడు. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డ రోజు కూడా వాళ్ళ తరఫున అతనే ఒప్పుకున్నాడు. అందుకని ఈ మేడ మీది గదిలో మొదటి రోజున కత్తెరమ్మ పెద్ద కత్తెరను బల్ల మీద ఠక్కున పెట్టి అంది: "ఇక్కడ ఎవరి చెయ్యి వాళ్ళే ఎత్తాలి. ఒకరి తరఫున ఇంకొకరు లేదు. మొగుడైనా లేదు, తల్లైనా లేదు. రాని మనిషికి ఆ పూట మాట లేదు." చదువొచ్చిన వాళ్ళు ఆ గదిలో నలుగురే. కానీ ఆ మాట అందరికీ నోటికొచ్చింది. బట్టీ వాళ్ళకు పాకింది, సైకిళ్ళ వాళ్ళకు పాకింది. కత్తెరమ్మ మాట అంటే గీత గీసినట్టే అనుకున్నారు.

నలభై పొరలూ పడ్డాయి. నాలుగు మూలలా ఇనపదిమ్మలు పెట్టి కత్తెరమ్మ గోడ దగ్గరికి వెళ్ళింది. మేకులకు వేలాడుతున్న అట్టముక్కల్లోంచి కోటు వీపు, ముందు భాగాలు, కాలరు, చెయ్యి తీసుకొచ్చి పరత మీద పేర్చి నీలం సుద్దతో గీతలు గీయడం మొదలుపెట్టింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మనసు మాత్రం పదకొండేళ్ళు వెనక్కి పోయి కూర్చుంది.

అప్పుడు సంఘంలో పదహారు మంది. గుండీలవ్వకు అప్పటికింకా చూపు ఉంది గాని మసకలు కమ్ముతున్నాయి. ఒక రోజు గుండీలు కుట్టిన కోట్లు అప్పగించడానికి మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీర్చుకుని, ఈ కిటికీ వైపు చూసింది. "అమ్మా, మా సందులో వెలుతురు రాదు. సూదిలో దారం ఎక్కించడానికే సగం పొద్దు పోతోంది. ఈ కిటికీ పక్కన ఓ కుర్చీ ఇప్పిస్తే ఇక్కడే కూర్చుని కుట్టుకుంటాను" అంది. అడిగింది కుర్చీ. కానీ కుర్చీ ఇస్తే మనిషి గదిలోకి వచ్చినట్టు, గదిలోకి వస్తే సంఘంలోకి వచ్చినట్టు. ఒకరొస్తే ముప్పై మందీ రావాలి. అలా కుర్చీ కాస్తా పెద్ద ప్రశ్నై కూర్చుంది.

ముప్పై మంది వస్తే మన పదహారు చేతులు ఏ మూలకు, అన్నది కత్తెరమ్మ భయం. కష్టపడి నిలబెట్టుకున్న గది. రేపు వాళ్ళంతా ఒక్క మాట మీద చేతులెత్తితే మన గదిలో మనమే చుట్టాలమవుతాం అనుకుంది. ఆ భయంలో అబద్ధం లేదు. చేసిన పనిలో ఉంది.

నిర్ణయం రోజున పదిహేను మందే ఉన్నారు. కాజాల చెల్లి నెలల పిల్లాడికి చెవిపోటు. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే ఆసుపత్రికి తీసుకుపోయింది. పోతూ పోతూ, "అక్కా, నేనొచ్చేదాకా ఆగండి" అంది. ఆగుదామనే అనుకున్నారు. నాలుగైంది. ఒకరికి బడి నుంచి పిల్లలొచ్చే వేళ, ఒకరికి అత్తగారి మందుల వేళ. ఓవర్‌లాక్ మిషను పెద్దమ్మ, ఇప్పుడు పాపం ఆవిడ లేదు, స్టూలెక్కి లెక్కపెట్టింది. చేర్చుకోవాలన్న వాళ్ళ చేతులు ముందు లేచాయి. ఎనిమిది. అంటే మిగిలింది ఏడే.

వద్దన్న వాళ్ళు ఎత్తండి అంది పెద్దమ్మ. కత్తెరమ్మ గదిలో వెనక వైపు థానుల దొంతర చాటున నిలబడి ఉంది. ముందు నుంచి చూస్తే మనిషి కనపడదు, దొంతర పైన చేతులు మాత్రమే కనపడతాయి. కుడి చెయ్యి ఎత్తింది. ఆ తర్వాత, దొంతరకు అవతల పక్కగా, ఎడమ చెయ్యి కూడా లేచింది. ఇది చెల్లి చెయ్యి అనుకుంది. ఉంటే అదీ వద్దనే అంటుంది కదా, ఒక ఇంటి కోడళ్ళం, నా మాట ఒకటీ దాని మాట ఒకటీనా, అనుకుంది. సూపర్‌వైజరు కూడా కాగితం అంటించేటప్పుడు ఇలాగే అనుకుని ఉంటాడని ఆ క్షణాన తట్టలేదు. తర్వాత తట్టని రోజు లేదు.

"ఎనిమిది, ఎనిమిది, పదహారు" అంది పెద్దమ్మ స్టూలు దిగుతూ. "పదహారు మందిమి, పదహారు చేతులు. లెక్క సరిపోయింది." సరిపోయింది గనుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఒక మనిషి తక్కువున్న సంగతి, లెక్క తప్పి ఉంటే గుర్తొచ్చేది.

గుండీలవ్వ మరో ఆరేళ్ళు ఆ చీకటి సందులోనే కుట్టింది. చూపు పోవడానికి వయసు కూడా ఒక కారణమన్నాడు డాక్టరు. వయసొక్కటే అనలేదు.

కత్తెరమ్మ కోత మిషను నడిపింది. నలభై పొరలూ ఒక్క దెబ్బకు కోసే నిలువు బ్లేడు. ఆ మోత ఉన్నంతసేపు ఎవరూ ఎవరితో మాట్లాడక్కర్లేదు. ముందు చేతుల ముక్కలే కోసింది. కాజాల చెల్లి వాటిని తీసి, ఇరవైకి ఒక కట్ట చొప్పున నాడాతో కట్టి, కిటికీ పక్కన కుర్చీ మీద పెడుతోంది. అవును, అదే కుర్చీ. ఎవరూ కూర్చోరు దాని మీద. ఎప్పుడు చూసినా ఏవో కట్టలుంటాయి.

మూడో కట్ట కడుతూ కాజాల చెల్లి ఆగింది. పై ముక్కను తన భుజానికి ఆనించి చూసుకుంది. ఇంకో కట్టలోంచి ఇంకోటి లాగి రెండో భుజానికి ఆనించింది. చేత్తో మిషను ఆపమని సైగ చేసింది.

"అక్కా, ఆసుపత్రి నర్సులందరూ రెండు ఎడమ చేతుల వాళ్ళేనా ఏంటి?"

కత్తెరమ్మకు అర్థం కాలేదు.

"ఇన్నీ ఎడమవే. ఎనభై ఎడమ చేతులు. అట్ట తిరగేయలేదు నువ్వు."

చెయ్యి అట్ట ఒకటే ఉంటుంది. ఒకసారి గీశాక దాన్ని తిరగేసి పక్కన రెండోది గీయాలి. అప్పుడే కుడి ఒకటి, ఎడమ ఒకటి వస్తాయి. పని నేర్చుకునే పిల్ల కూడా మొదటి వారం దాటితే ఈ తప్పు చేయదు. ఈ బట్టకు పైన మెరుపు, లోపల గరుకు, కాబట్టి ముక్కను తిప్పి వాడుకునే వీలు కూడా లేదు. ముప్పై ఏళ్ళుగా కత్తెర పట్టిన మనిషి ఎనభై ముక్కలు పాడుచేసింది.

"పోనీలే" అంది కాజాల చెల్లి. "చేతి రుమాళ్ళు కుడదాం. నర్సులకు జలుబు చేయదా." కత్తెరమ్మ నవ్వుతుందేమోనని చూసింది. ఆవిడ నవ్వలేదు. మిషను స్విచ్చి తీసి, బల్ల అంచు పట్టుకుని, అక్కడే బెంచీ మీద కూర్చుంది.

"చెల్లీ, నీకో మాట చెప్పాలి."

"చెప్పు."

"వాడికి చెవిపోటొచ్చి నువ్వు ఆసుపత్రికి పోయిన రోజు."

"ఊ."

"నీ చెయ్యి నేనెత్తాను."

కాజాల చెల్లి నాడా ముడి వేస్తోంది. వేయడం పూర్తిచేసింది. కట్టను కుర్చీ మీద పెట్టింది. నాలుగో కట్టకు ముక్కలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది.

"వినపడిందా? వద్దన్న వాళ్ళు ఏడుగురే. ఎనిమిదోది నా ఎడమ చెయ్యి. నీదని ఎత్తాను. ఎవరి చెయ్యి వాళ్ళెత్తాలని పొద్దస్తమానం చెప్పిన దాన్ని, నీ చెయ్యి నేనెత్తాను. వాళ్ళు ఆ రోజే గెలిచారు చెల్లీ. ఎనిమిది, ఏడు. ఆ ముసలామె ఈ కుర్చీలో కూర్చోవాల్సింది."

"తెలుసు" అంది కాజాల చెల్లి.

"ఏం తెలుసు?"

"చెయ్యెత్తావని. చూశాను."

కిటికీ కింద వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"వాడి చెవిలో మందేశారు, నిద్రపోయాడు. పరిగెత్తుకుంటూ వచ్చాను. గుమ్మం దాకా వచ్చేసరికి పెద్దమ్మ స్టూలు మీద ఉంది, ఎత్తండి అంటోంది. ముందు నుంచి చూస్తే ఏమో గాని, గుమ్మం పక్క నుంచి చూస్తే థానుల వెనక నువ్వు బాగానే కనపడతావక్కా. రెండు చేతులూ ఎత్తి నిలబడ్డావు. ఎవరో తుపాకీ చూపిస్తే ఎత్తినట్టు."

"మరి లోపలికొచ్చి చెప్పొచ్చుగా. నా చెయ్యి నాకిమ్మని ఒక్క మాట అనొచ్చుగా."

"అనొచ్చు."

"మరి?"

కాజాల చెల్లి ముక్కలు పక్కన పెట్టింది. మాట్లాడేటప్పుడు ఆవిడ చూపు బల్ల మీదే ఉంది. "నేనూ ఆ సందులో పిల్లనే కదక్కా. పెళ్ళి కాకముందు పదేళ్ళు గుండీలే కుట్టాను. మీ ఇంటికొచ్చాను గనుక, నువ్వు చెయ్యి పట్టి తీసుకొచ్చావు గనుక ఈ మెట్లెక్కాను. సందు మొత్తంలో ఎక్కింది నేనొక్కదాన్నే. పుట్టింటికి పోతే ఇదిగో మిషను మీద కూర్చునే పిల్ల అనేవాళ్ళు. అందరూ ఎక్కేస్తే ఇక నేను ఎక్కిన దాంట్లో ఏముంది అనిపించింది. చేర్చుకోవాలని చెయ్యెత్తుతానని వాళ్ళకు మాటిచ్చాను. ఆ మాట తప్పకుండానే పని జరిగిపోయింది. నా చెయ్యి నువ్వెత్తావని నాకు కోపం రాలేదు. ఎత్తే బాధ తప్పించావని సంతోషించాను. ఇప్పుడు చెప్పు, ఎవరిది పెద్ద తప్పో."

ఇన్నేళ్ళూ కత్తెరమ్మ తన తప్పు ఒక్కటే అనుకుని దాన్ని మోసింది. ఇవాళ చూస్తే ఒకే పరతకు రెండో కొస పట్టుకున్న మనిషి కూడా ఉంది.

"పదకొండేళ్ళు ఒకే పొయ్యి మీద వండుకున్నామే. ఒక్కసారైనా అనలేకపోయావా?"

"నువ్వన్నావా?" అంది కాజాల చెల్లి. కోపంగా కాదు. "మొదట్లో నువ్వే చెబుతావేమోనని చూశాను. తర్వాత్తర్వాత చెప్పకుండా ఉంటే బాగుండని చూశాను. నువ్వు చెబితే నేనూ చెప్పాలిగా."

ఇద్దరికీ ఒకేసారి నవ్వులాంటిది వచ్చి, నవ్వు కాకుండానే పోయింది. కాజాల చెల్లి కొంగుతో ముక్కు తుడుచుకుంది. కత్తెరమ్మ లేచి, పాడైపోయిన ముక్కల్లో ఒకదాన్ని తీసి ఆమె చేతికిచ్చింది. "ఇదిగో. నీ రుమాలు."

కత్తెరమ్మ మనసులో రేపటి సభ కదిలింది. "రేపు మొదటి నియమం చదివే ముందే చెప్పేస్తాను" అంది. "అధ్యక్షురాలు, గిధ్యక్షురాలు ఏమీ వద్దు. ఆ రోజు ఇలా చేశాను, మీరు గెలిచారు, మేము దాచాం, అని గుండీల పాప మొహం చూసి చెబుతాను. ఎవరూ అడక్కుండా, ఎవరికీ తెలియకుండా ఉన్న తప్పు నా అంతట నేనే బయట పెట్టుకుంటే, ఆ సందు వాళ్ళు క్షమించకపోయినా నమ్ముతారు. ఏమంటావు?"

కాజాల చెల్లి కింద పడ్డ సుద్దముక్క తీసి బల్ల మీద పెట్టింది.

"నీ పేరు ఎత్తనులే" అంది కత్తెరమ్మ. "గుమ్మం సంగతి మన మధ్యనే ఉంటుంది."

"ఎత్తినా పర్వాలేదు. నేను నిలబడ్డ మాట నిజం, చూసిన మాట నిజం. చేతులు ఖాళీగానే ఉన్నాయి. గుమ్మంలోంచే ఎత్తి, ఇదిగో నా చెయ్యి అంటే అయిపోయేది."

కత్తెరమ్మ బల్ల మీద సుద్ద గీతలు తుడవబోయి ఆగింది. ముప్పై ఏళ్ళు బట్ట కొలిచిన మనిషి. ఎక్కడ అంగుళం తేడా వచ్చినా చేతికి తెలుస్తుంది.

"చేతులు ఖాళీగా ఎలా ఉన్నాయే? వాడప్పుడు నెలల పిల్లాడు. నిద్రపోతున్నాడన్నావు. నీ భుజం మీద లేడూ?"

"లేడు."

"మరెక్కడున్నాడు?"

కాజాల చెల్లి చేతిలోని బట్టముక్కను నాలుగు మడతలు పెట్టింది, మళ్ళీ విప్పింది.

"ఆసుపత్రిలో ఒక్కదాన్నీ ఉండలేనని తోడు పిలుచుకుపోయాను. దారి పొడుగునా అదే ఎత్తుకుంది వాణ్ణి. గుమ్మం దాకా వచ్చాం ఇద్దరం. నా పక్కనే నిలబడింది."

"ఎవరు?"

"ఇంకెవరక్కా. గుండీల పాప."

కత్తెరమ్మ తుడుపుగుడ్డను బల్ల మీద పెట్టింది.

"నేను చూసిందే అదీ చూసింది. తర్వాత నా మొహం చూసింది, నేను లోపలికి వెళ్తానేమోనని. నేను వెళ్ళలేదు. పిల్లాణ్ణి నా భుజాన వేసి మెట్లు దిగిపోయింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు."

పదహారేనా, అని పొద్దున పాప రెండోసారి ఎందుకు అడిగిందో కత్తెరమ్మకు ఇప్పుడు అర్థమైంది. తెలియక అడిగిన ప్రశ్న కాదది. మనిషికి ఇంకొక్కసారి దారి ఇవ్వడానికి అడిగింది. పదహారే, అని తన నోటితో తనే ఆ దారి మూసి వచ్చింది. ఎవరికీ తెలియని తప్పు అనుకున్నది సందంతటికీ తెలిసి ఉండవచ్చు. పదకొండేళ్ళ నాటిది ఒకటి, ఈ పొద్దుటిది ఒకటి, ఇప్పుడు ఒప్పుకోవాల్సినవి రెండు.

"ఎందుకు చెప్పలేదే పొద్దున, నేను పోయేటప్పుడు?" అంది కత్తెరమ్మ.

"నిజమే చెబుతావనుకున్నాను" అంది కాజాల చెల్లి.

అప్పుడు కింద తలుపు చప్పుడైంది. మెట్ల మీద అడుగులు. బట్టీ బాబాయి అడుగులు కావు, దగ్గు లేదు. ఒక కర్ర మెట్టుకు తగిలి ఆగి, మళ్ళీ పై మెట్టుకు తగులుతోంది. దాని వెంట ఒక ఆడగొంతు, చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెబుతోంది.

"రేపు జనం ఉంటారు, ఇవాళే చూసొద్దామని నువ్వేగా అన్నావు. కాలు జాగ్రత్త. ఇంకో నాలుగు మెట్లేనమ్మా. కిటికీ కుడివైపున ఉంటుంది, కుర్చీ దాని పక్కనే."

కత్తెరమ్మ కిటికీ వైపు తిరిగింది. కుర్చీ మీద ఎడమ చేతులు పేర్చి ఉన్నాయి.